లోపం ఎటు వైపున?

శ్రీశైలం జలాశయపు నీరు కల్వకుర్తి మెరకకు తనంతట తాను ఎక్కి రాదు. ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు చోట్ల 30 మెగావాట్ల మోటార్లు దానిని మెట్టు మెట్టుగా ఎత్తిపోయవలెను. కరెంటు ఆగితే కాలువ ఆగుతుంది. ఒక లైను పోయినా పని సాగాలంటే రెండవ లైను వుండవలెను. కాని ఆ రెండవ లైనుతోనే ఒక చిక్కు కూడ వస్తుంది.

ఒక పంపుల సబ్‌స్టేషనుకు దూరపు కేంద్రం నుండి రెండు లైన్లు జంటగా వస్తున్నవనుకొనండి. గాలివానకు మొదటి లైనుపై, సబ్‌స్టేషను దగ్గరలో, చెట్టుకొమ్మ పడినది. లోపం వున్న చోటికి కరెంటు రెండు దారుల పరుగెత్తుతుంది. కొంత మొదటి లైను వెంట నేరుగా వస్తుంది. మిగిలినది రెండవ లైను మీదుగా సబ్‌స్టేషను చేరి, అక్కడినుండి మొదటి లైనులోకి మళ్ళుతుంది. కావున సబ్‌స్టేషను వద్ద రెండు లైన్లలోను దాదాపు ఒకే కరెంటు! అక్కడ కాపలా కాసే రిలే ‘ఎంత కరెంటు?’ అని మాత్రమే చూస్తే రెండు లైన్లనూ తెంచివేస్తుంది, పంపులు నిలిచిపోతవి. భేదమల్లా ఒక్కటే. రెండవ లైనులో కరెంటు లోపలికి వస్తున్నది, మొదటిదానిలో బయటికి పోతున్నది.

తెలివిగల విద్యార్థి ఇక్కడ ఆక్షేపించవచ్చును. ఏకాంతర విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది గదా, దానికి రావడమేమిటి, పోవడమేమిటి? ప్రశ్న సరియైనదే. కరెంటును ఒంటరిగా చూస్తే దిశ తెలియదు; వోల్టేజితో పోల్చి చూడవలెను. ఒక ఆవర్తనానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. హైవోల్టేజి లైన్లలో ప్రేరకత్వం హెచ్చు గనుక, లోపం ముందువైపు వుంటే కరెంటు తరంగం వోల్టేజి తరంగానికి సుమారు 4 మిల్లీసెకన్లు వెనుకబడుతుంది. వెనుకవైపు వుంటే తరంగం తలక్రిందులవుతుంది, అనగా మరి 10 మిల్లీసెకన్ల తేడా. రిలే పసిగట్టేది దీనినే. పూర్వం ఈ పని అల్యూమినియం బిళ్ళ చేసేది. పాత ఇంటి మీటర్లలో తిరిగే బిళ్ళను చూచినవారికి అది కొత్త కాదు. నేటి రిలే అంకెలతో లెక్క కడుతుంది.

లోపం మరీ దగ్గరగా వుండి మూడు తీగలూ కలిసిపోతే? వోల్టేజి శూన్యమవుతుంది, ఇక పోల్చడానికేమీ మిగలదు. అప్పుడు రిలే లోపానికి ముందరి వోల్టేజి తరంగాన్ని జ్ఞాపకముంచుకొని, కొన్ని ఆవర్తనాలపాటు దానితోనే పోలుస్తుంది. మృదంగం ఆగినా గాయకుడు మనసులో తాళం వేసుకున్నట్లు!

బరువైన జనరేటర్లు తమ లయను హఠాత్తుగా మార్చుకోలేవు గనుక ఈ ఉపాయం ఫలించినది. సౌరవిద్యుత్ కేంద్రాల ఇన్వర్టర్లకు ఆ బరువు లేదు. అవి కొన్ని మిల్లీసెకన్లలోనే తరంగపు స్థానాన్ని మార్చగలవు. అప్పుడు రిలే జ్ఞాపకం ఒక తాళం, కరెంటు మరొక తాళం. అట్టి లైన్లపై రిలేలను అమర్చే ఇంజనీరు ముందుగా ఆ ఇన్వర్టరు లోపసమయంలో ఏమి చేయునో పరీక్షించి చూడవలసి వున్నది.