నడుమునొప్పి: శరీరావయవ పరిభాష, చికిత్సా నిర్ణయము

కాలువలకు నీరు వదలి వరినాట్లు మొదలైన దినములలో పామిడిముక్కల ప్రాంతమున ఎవరిని పలుకరించినను 'నడుము పట్టినది' అను మాటయే వినవచ్చును. దినమెల్ల వంగి నాటువేయు స్త్రీలకును, చెరకు నరికి మోపులు మోయువారికిని, ఇంటిపట్టున నుండు వృద్ధులకును మాట ఒక్కటే. మాట ఒక్కటి గావున మందును ఒక్కటియే యని తలంచి, ఒకరికి గుణమిచ్చిన తైలమునే మరియొకరు మర్దించుకొనుట పరిపాటి. ఆయుర్వేద సంహితలలో ఈ బాధ ఒక్కటి కాదు. ఆ భేదమును గ్రహించుటకు మొదట పదములను విడదీసి చూడవలయును.

'నడురేయి', 'నడువీధి' మున్నగు మాటలలో వలెనే 'నడుము' నందలి 'నడు' శబ్దము మధ్యార్థకము. సంస్కృతమున దీనికి సరియైనవి మధ్యము, అవలగ్నము అను పదములు. అమరసింహుడు వీనిని కటిశబ్దముతో కలుపక వేరుగా పఠించినాడు. కటి, శ్రోణి యనునవి ఆయన మతమున పర్యాయములు. తెలుగున మొల యనవచ్చును. పృష్ఠము వీపు, వెన్నెముక అడుగుభాగము త్రికము, స్ఫిక్కులు పిరుదులు, వంక్షణము గజ్జ. ఇట్లు వేరువేరు తెలుగు మాటలు ఉండియు, తాత్పర్యము చెప్పునప్పుడు కటి, త్రిక, పృష్ఠములను మూడింటిని 'నడుము' అనుట కలదు. కావ్యపాఠమున దీనివలన వచ్చు నష్టము స్వల్పము. వైద్యగ్రంథమున మాత్రము రోగమే మారిపోవును. చరకసంహిత సూత్రస్థానము 20వ అధ్యాయమున లెక్కించిన 80 వాతవికారములలో గృధ్రసి, శ్రోణిభేదము, త్రికగ్రహము, పృష్ఠగ్రహము వేరువేరుగానే గణింపబడినవి.

వీనిలో గృధ్రసీ లక్షణము మిక్కిలి స్పష్టము. చికిత్సాస్థానము 28వ అధ్యాయమున చరకుడు నొప్పి యుండు చోటును మాత్రమేగాక అది నడచు మార్గమును చెప్పినాడు. పిరుదున మొదలై, కటి, పృష్ఠము, తొడ, మోకాలు, పిక్క, పాదము అను క్రమమున అది వ్యాపించును. బిగుసుకొనుట, పొడిచినట్లుండుట కేవల వాతమునకు గుర్తులు; బరువు, మాంద్యము, అరుచి తోడైనచో కఫానుబంధము కలదని భావము. సుశ్రుతుడు నిదానస్థానము మొదటి అధ్యాయమున మడమకును వ్రేళ్లకును సంబంధించిన కండరలు వాతముచే పీడింపబడి కాలు ఎత్తనీయవని చెప్పినాడు. వెల్లకిల పరుండిన రోగి కాలిని చాచినదానిని చాచినట్లే పైకెత్తి నొప్పిని పరీక్షించు విధానమును ఫ్రాన్సు దేశమున ఫోర్స్ట్ అను వైద్యుడు 1881లో ప్రకటించినాడు. ఆయన గురువైన లాసెగ్ పేర అది నేటికిని వ్యవహరింపబడుచున్నది. డిస్కు జారి నరమును ఒత్తుటవలన ఇట్టి బాధ కలుగునని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ నిరూపించిరి. కండరయే నరమని సమన్వయించుట సాహసమగును. కాని రోగిని అడుగవలసిన ప్రశ్న ఉభయత్ర ఒక్కటే: నొప్పి ఎచ్చట మొదలై ఎంతవరకు దిగుచున్నది?

ఆమవాతము వేరొక వ్యాధి. మాధవకరుడు తన నిదానగ్రంథమున 25వ అధ్యాయమును దీనికే కేటాయించి, కుపితములైన ఆమవాతములు రెండును త్రికసంధియందు ప్రవేశించి శరీరమును స్తబ్ధము చేయునని చెప్పినాడు. రోగి దీనిని కూడ 'నడుము పట్టినది' అనియే చెప్పును. చికిత్స మాత్రము భిన్నము. కేవల వాతమునకు తైలాభ్యంగము, స్నిగ్ధస్వేదము హితములు. ఆమవాతమున చక్రదత్తుడు మొదట లంఘనమును, వేడి ఇసుక మూటతో పొడి కాపడమును విధించినాడు. ఆమము పక్వము కాకమునుపు నూనె మర్దించుట బాధను పెంచునని వైద్యసంప్రదాయము. ఒకే మాటతో చెప్పబడు నొప్పికి ఒకచోట నూనె, మరియొకచోట ఇసుక! త్రికశబ్దమును 'నడుము' అని సరిపెట్టినచో ఈ వివేకము పాఠకునకు అందదు. గృధ్రసికి చెప్పిన సిరావ్యధ, దాహకర్మలు మరింత జాగ్రత్త వలసినవి. గ్రంథము చూచి ఇంటిలో చేయదగినవి కావు. విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల శిక్షితులైన వైద్యులను ఆశ్రయింపవలయును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో 61 కోట్ల 90 లక్షల మందికి ఈ బాధ కలదు. పదింట తొమ్మిది వంతులు ఇదమిత్థమైన కారణము కానరానివి. దీర్ఘకాలికమైన అట్టి నొప్పికి ఆ సంస్థ 2023 డిసెంబరులో ప్రకటించిన సూచనలు వ్యాయామమును, రోగికి అవగాహన కల్పించుటను సమర్థించినవి. నడుముపట్టీలను, బరువులు కట్టి లాగు చికిత్సను వాడవలదన్నవి. కాని మలమూత్రములు వశము తప్పినను, మర్మస్థానమున స్పర్శ పోయినను, కాలు చచ్చుబడుచున్నను, జ్వరముతోగాని బరువు తగ్గుటతోగాని నొప్పి కూడియున్నను, తైలమును ఇసుకను ప్రక్కనబెట్టి తత్‌క్షణమే పెద్ద ఆసుపత్రికి పోవలయును. వేకువన బిగిసి, కదలినకొలది సడలు నొప్పి యువకులలో మూడు మాసములు దాటియున్నచో దానిని శ్రమవలన వచ్చినదని ఉపేక్షింపరాదు.

చికిత్సా నిర్ణయము వైద్యునిది, పదనిర్ణయము మనది. కటి, త్రిక, పృష్ఠ, స్ఫిక్ శబ్దములు వచ్చినచోట అధ్యాపకుడు విద్యార్థిచేత ఆ అవయవమును వ్రేలితో చూపింపవలయును. అనువాదకుడు ప్రతి పదమునకును వేరు తెలుగు మాట వాడవలయును. నాటుచేలలో 'నడుము' అన్న స్త్రీని 'ఎచ్చటనమ్మా, చూపుము' అని అడుగగల వైద్యుడు అట్టి పాఠమునుండియే రావలయును.