వసంతపు వాన వరమే, వడగళ్లతోనే ముప్పు
టాటానగర్ పల్లెల్లో మూడు నెలల నిరీక్షణ

టాటానగర్: ఉక్కు నగరంగా పేరొందిన జంషెడ్‌పూర్ చుట్టూ ఉన్న పల్లెల్లో మార్చి నుండి మే వరకు గడిచే మూడు నెలలు రైతాంగానికి ఏటా ఒక పరీక్షగా పరిణమిస్తున్నాయి. ఈ కాలంలో కురిసే నాలుగు వానలు తరువాతి ఖరీఫ్‌కు దుక్కిని సిద్ధం చేస్తాయి. అవే వానలు వడగళ్లతోను, ఈదురుగాలులతోను విరుచుకుపడితే కూరగాయల తోటలు, మామిడి పిందెలు, అడవిలో రాలే ఇప్పపువ్వు ఒక్క సాయంత్రంలో నేలపాలవుతాయి. వసంత రుతువులో వాతావరణం ఏ విధంగా ఉండబోతున్నదనే ప్రశ్న అందువల్ల ఇక్కడి చిన్న రైతులకు ఏడాది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న.

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన ఈ నగరానికి 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపనతో బీజం పడింది. 1919లో జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. రైల్వేలోను, కర్మాగారాల్లోను కొలువులు చేసుకుని స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడ గణనీయంగా ఉన్నాయి. నగర ప్రజల అవసరాలకు దల్మా కొండల పాదంలో డిమ్నా జలాశయం ఉన్నది. కాని నగరం పొలిమేర దాటితే పరిస్థితి వేరు. పటమదా, బోడాం, ఘాట్శిల, చాకులియా, బహరాగోడా ప్రాంతాల్లో అత్యధిక కుటుంబాలకు వానే ఆధారం.

నిలవని నీరు

ఛోటానాగ్‌పూర్ పీఠభూమి ఆగ్నేయ మండలంగా వ్యవసాయ శాస్త్రజ్ఞులు గుర్తించిన ఈ ప్రాంతంలో వర్షపాతానికి కొరత లేదు. ఏటా సగటున 1,300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అయితే అందులో అయిదింట నాలుగు వంతులు జూన్ నుండి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాలతోనే ముగిసిపోతాయి. ఎర్రని గరుకు నేలలు, ఏటవాలు పొలాలు కావడంతో పడిన నీరు నిలవక వాగుల ద్వారా నదులకు చేరుతుంది.

స్థానిక రైతులు మెరక పొలాలను టాండ్ అని, పల్లపు పొలాలను దోన్ అని వ్యవహరిస్తారు. దోన్ భూముల్లో వరి కోసిన తరువాత కూడా కొంత తేమ మిగులుతుంది. టాండ్ భూములు సంక్రాంతి నాటికే ఎండి బీటలు వారతాయి. ఈ కారణంగా వరి కోతల అనంతరం పొలాల్లో అధిక భాగం బీడుగా ఉండిపోవడం ఆనవాయితీ. చెరువు లేదా బావి నీరు అందుబాటులో ఉన్నవారు మాత్రమే టమాటా, వంగ, బెండ, దోస జాతి కూరగాయలు పండిస్తారు. పటమదా ప్రాంతపు కూరగాయలు నగరంలోని సాక్చీ మార్కెట్‌కు చేరుతుంటాయి.

సువర్ణరేఖ బహుళార్థసాధక ప్రాజెక్టు కోసం నాటి బీహారు, ఒరిస్సా, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు 1978లో ఒప్పందం కుదుర్చుకున్నాయి. చాండిల్ వద్ద ఆనకట్ట, గాలుడీ వద్ద బరాజ్ నిర్మించారు. ఖర్కాయి నదిపై ఈచా ఆనకట్టకు నిర్వాసితుల నుండి తీవ్ర ప్రతిఘటన ఎదురయింది. దశాబ్దాలు గడిచినప్పటికీ మెరక పొలాలకు కాలువ నీరు ఎక్కడం సాధ్యపడకపోవడం గమనార్హం.

కాలవైశాఖి పుట్టిల్లు

బెంగాలీలు కాలవైశాఖి అని పిలిచే ఉరుములతో కూడిన గాలివానలకు ఛోటానాగ్‌పూర్ పీఠభూమే పుట్టిల్లు. మార్చి నెలలో ఎండలు ముదిరే కొద్దీ రాతినేల మధ్యాహ్నానికి కాగిపోతుంది. బంగాళాఖాతం నుండి వచ్చే తేమగాలి నేలకు దగ్గరగా వ్యాపిస్తుంది. దానిపైన పడమటి నుండి వీచే పొడిగాలి ఒక మూతవలె కప్పి ఉంచుతుంది. వేడి మరింత పెరిగినప్పుడు తేమగాలి ఆ మూతను ఛేదించుకుని పైకి ఎగసి, గంట రెండు గంటల్లో భారీ మేఘాలుగా మారుతుంది. అలా పుట్టిన తుపానుగాలి వాయవ్యం నుండి ఆగ్నేయంగా బెంగాల్ మైదానాల వైపు సాగిపోతుంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మధ్యధరా ప్రాంతం నుండి వచ్చే పశ్చిమ అలజడులు కూడా తోడయితే వర్షం మరికొంత ఎక్కువగా కురుస్తుంది. మేఘం ఎంత ఎత్తుకు ఎదిగితే వడగళ్లు పడే అవకాశం అంత హెచ్చు. ఒక ఊరిలో పంటను తుడిచిపెట్టిన వడగళ్లు పక్క ఊరిలో పడకపోవడం పరిపాటి.

ఇంతకంటె పెద్ద ప్రమాదం పిడుగులది. దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా మరణిస్తున్నట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు తెలుపుతున్నాయి. పొలాల్లో పనిచేసేవారు, పశువులు కాసేవారు, చెట్ల కింద తలదాచుకునేవారు వీటికి ఎక్కువగా బలి అవుతున్నారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని అనే మొబైల్ యాప్ సమీపంలో పిడుగుపాటు అవకాశాన్ని ముందుగా తెలియజేస్తుంది. ఫోన్ సంకేతాలు అందని కొండ పల్లెలకు మాత్రం ఈ హెచ్చరిక చేరడం కష్టం.

అడవి ఆదాయం

సేద్యంతో పాటు అడవిపై ఆధారపడిన సంతాల్, హో, భూమిజ్ కుటుంబాలకు మార్చి, ఏప్రిల్ నెలలు కీలకం. తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వును ఏరి, ఎండబెట్టి సంతల్లో విక్రయిస్తారు. వేసవిలో తునికాకు సేకరణ ఉంటుంది. పువ్వు రాలే రోజుల్లో వాన కురిస్తే అది నల్లబడి ధర పడిపోతుంది. తడిసిన పువ్వును ఆరబెట్టడానికి చాలా ఇళ్లలో చోటు కూడా ఉండదు. టాండ్ పొలం దుక్కికి మేలు చేసే వానే అడవి ఆదాయానికి చేటు తెస్తుందన్నమాట. ఒకే కుటుంబం అదే మబ్బును ఒకవైపు ఆశతో, మరొకవైపు భయంతో చూడవలసి వస్తోంది.

అంచనాలకు ఉన్న హద్దులు

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి చివరలో మార్చి నుండి మే వరకు ఉష్ణోగ్రతల అంచనాను వెలువరిస్తుంది. ఏప్రిల్ మధ్యలో రుతుపవనాలపై తొలి అంచనా వస్తుంది. ఈ అంచనాలు సాధారణం కంటె ఎక్కువ, సాధారణం, తక్కువ అనే మూడు తరగతుల్లో సంభావ్యతను చెబుతాయి. ఫలానా ఊరిలో ఫలానా రోజున వాన పడుతుందని చెప్పడం వాటి పని కాదు. వడగళ్ల జాడ కొన్ని గంటల ముందు మాత్రమే తెలుస్తుంది.

రైతుకు కావలసినది ఈ రెండింటి మధ్య ఉన్న అయిదు రోజుల అంచనా. రాంచీ సమీపంలోని కాంకేలో ఉన్న బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తూర్పు సింగ్‌భూమ్ జిల్లా దారీసాయిలో ప్రాంతీయ పరిశోధనా కేంద్రం ఉన్నది. వాతావరణ శాఖతో కలిసి ప్రతి మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలు ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉన్నది. ఎప్పుడు మందు చల్లాలి, ఎప్పుడు కోత ఆపాలి, ఎప్పుడు దుక్కి దున్నాలి అన్న సూచనలు వాటిలో ఉంటాయి.

కాగా దేశవ్యాప్తంగా కృషి విజ్ఞాన కేంద్రాల్లో నెలకొల్పిన 199 జిల్లాస్థాయి వ్యవసాయ వాతావరణ విభాగాలను 2024లో మూసివేయడం విమర్శలకు దారితీసింది. మండల స్థాయి సమాచారాన్ని స్థానిక భాషలో అందించే ఈ విభాగాలు లేకపోవడం వల్ల చిన్న రైతుకు, శాస్త్రజ్ఞునికి మధ్య దూరం పెరిగింది.

సరహుల్ కుండలు

శాస్త్రీయ అంచనాలు రాకముందు నుండీ ఇక్కడి ఆదివాసులకు తమదైన పద్ధతి ఒకటి ఉన్నది. చైత్ర శుద్ధ తదియనాడు, అంటే మన ఉగాదితో కలిపి మూడవ రోజున, సరహుల్ పండుగ వస్తుంది. సాలవృక్షాలు పూచే వేళ జరిగే ఈ పండుగలో గ్రామ పూజారి అయిన పాహన్ మట్టి కుండల్లో నీరు నింపి రాత్రంతా ఉంచుతాడు. మరునాడు నీటిమట్టం ఎంత ఉన్నదో చూసి ఆ ఏడాది వానలు ఎలా ఉంటాయో చెబుతాడు. టాటానగర్ తెలుగు కుటుంబాలు పంచాంగ శ్రవణంలో మేఘాధిపతి గురించి వినే రోజులే అవి. వాన కోసం ఎదురుచూపు భాషలు వేరైనా ఒక్కటే అనడానికి ఇది నిదర్శనం.

ఎండల తాకిడి

ఇటీవలి సంవత్సరాల్లో వసంత రుతువు కుదించుకుపోతున్నదన్న ఆందోళన వ్యక్తమవుతున్నది. 1901 నుండి నమోదైన లెక్కల ప్రకారం పగటి ఉష్ణోగ్రతల్లో 2022 మార్చి, 2023 ఫిబ్రవరి దేశంలో ఆయా నెలలకు రికార్డులు నెలకొల్పాయి. 2022లో వేడికి గోధుమ గింజ తాలుగా మారగా, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది. 2024 ఏప్రిల్ 30న పొరుగున ఉన్న పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండాలో 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదయింది. ఇటువంటి ఎండలకు కూరగాయల పూత రాలిపోవడమే గాక, చెరువుల్లో మిగిలిన నీరు కూడా ఆవిరైపోతుంది.

అకాల వర్షాల దెబ్బ తెలుగు రైతులకు కొత్త కాదు. 2023 మార్చిలో వడగళ్ల వానలకు తెలంగాణలో మొక్కజొన్న, మిర్చి, మామిడి దెబ్బతినగా, ఎకరానికి 10 వేల రూపాయల సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. జార్ఖండ్, ఒడిశాల మీదుగా ఏర్పడే ద్రోణి ప్రభావంతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోను ఏప్రిల్, మే నెలల్లో గాలివానలు కురిసి జీడిమామిడి, మామిడి తోటలను దెబ్బతీస్తుంటాయి.

పరిహారం ఎవరికి?

వడగళ్లు కేంద్రం గుర్తించిన ప్రకృతి వైపరీత్యాల జాబితాలో ఉన్నాయి. సాయం పొందేందుకు కనీస పంట నష్టాన్ని 2015లో 50 శాతం నుండి 33 శాతానికి తగ్గించారు. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం కింద వడగళ్ల నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయవలసి ఉన్నది. అయితే పట్టా లేని కౌలుదార్లకు, నోటిఫై కాని కూరగాయల పంటలకు, అడవిలో ఏరుకునే ఇప్పపువ్వుకు ఈ రక్షణ అందడం దుర్లభం. అత్యధికంగా నష్టపోయే వర్గమే జాబితాకు వెలుపల మిగిలిపోతున్నది.

తొలి వాన పడగానే ఏటవాలుకు అడ్డంగా వేసవి దుక్కులు దున్నడం, పొలం మూలల్లో చిన్న కుంటలు తవ్వడం, తక్కువ నీటితో పండే పెసర వంటి పైర్లను ఎంచుకోవడం, కోసిన కూరగాయలను సాయంత్రానికి ముందే తరలించడం వంటి జాగ్రత్తలతో నష్టాన్ని కొంతవరకు తగ్గించుకోవచ్చు. దున్నిన నేల వాననీటిని ఇముడ్చుకోవడమే గాక, అందులోని పురుగుల కోశాలు ఎండకు నశిస్తాయి. జూన్‌లో టాండ్ పొలాల్లో వెదజల్లే గోడా ధాన్యానికి ఈ దుక్కే పునాది. ఆకాశాన్ని శాసించడం ఎవరి తరమూ కాకపోయినా, మబ్బు కమ్మే కబురు సకాలంలో ఊరికి చేర్చడం ప్రభుత్వ యంత్రాంగం చేతిలోని పనే.