ఆకు రాల్చిన అడీనియం.. నీరు పోస్తే ముప్పే

డాబాలపైన, వరండాల్లోను చిన్న కుండీలో ఒదిగిపోయి గులాబీ, ఎరుపు, తెలుపు రంగుల పూలతో ఆకట్టుకునే మొక్క అడీనియం. ఎడారి గులాబీగా పేరొందిన దీనిని తూర్పుగోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి ముచ్చటపడి కొనుక్కెళ్లేవారు ఎందరో. చలికాలం ప్రవేశించగానే ఈ మొక్క ఆకులు పసుపుబారి రాలిపోతాయి. ఎండిపోతోందన్న ఆందోళనతో చాలామంది రోజూ నీరు పోస్తారు. సంక్రాంతి వచ్చేసరికి మొదలు మెత్తబడి మొక్క ఒరిగిపోతుంది. దానిని చంపింది చలి కాదు, ఆ నీరే.

ఆకులు ఎందుకు రాలుస్తుంది?

పేరులో గులాబీ ఉన్నా ఇది గన్నేరు, నందివర్ధనం కుటుంబానికి చెందిన పొద. సహారా ఎడారి దక్షిణపు అంచులు, తూర్పు ఆఫ్రికా, అరేబియా ద్వీపకల్పం దీని జన్మస్థలాలు. వానలు లేని నెలల్లో బతికేందుకు కాండం మొదట్లోనే నీటిని నిల్వ చేసుకుంటుంది. మొదలు దుంపలా ఉబ్బి ఉండటానికి కారణం ఇదే. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్‌ కంటే తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది. ఆకులు రాల్చి మొక్క విశ్రాంతిలోకి వెళ్తుంది. ఆ సమయంలో వేర్లు నీటిని పెద్దగా తీసుకోవు. మట్టి తడిగానే ఉండిపోవడంతో శిలీంధ్రాలు ఆశించి వేర్లు కుళ్లుతాయి. ఆ కుళ్లు క్రమంగా మొదలుకు పాకుతుంది.

ప్రాంతాన్ని బట్టి జాగ్రత్త

ఆదిలాబాద్‌ ప్రాంతంలోను, చింతపల్లి, లంబసింగి వంటి మన్యం గ్రామాల్లోను శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోతుంటుంది. అక్కడ కుండీలను రాత్రి వేళ వరండాలోకి చేర్చాలి. లేదా దక్షిణం వైపు ఎండ తగిలే గోడ పక్కన ఉంచి గోనెసంచి కప్పి, ఉదయం తీసివేయాలి. నెల్లూరు, ప్రకాశం వంటి కోస్తా జిల్లాల్లో పరిస్థితి వేరు. అక్కడ చలి స్వల్పమే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లే అసలు ప్రమాదం. ముసురు పట్టిన రోజుల్లో కుండీని చూరు కిందకు మార్చాలి. కోస్తాలో మొక్క ఆకులన్నీ రాల్చకపోవచ్చు. అంతమాత్రాన వేసవిలో పోసినంత నీరు పోయరాదు.

నీరు ఎప్పుడు పోయాలి?

వేసవిలో పైమట్టి ఆరగానే నీరు పోయవచ్చు. చలికాలంలో ఒక పుల్లను కుండీ లోతుకు గుచ్చి తీయాలి. దానికి తడి మట్టి అంటుకుంటే నీరు అవసరం లేదు. ఆకులున్న మొక్కకు 10 నుంచి 15 రోజులకోసారి ఉదయం పూట కొద్దిగా పోస్తే చాలు. పూర్తిగా ఆకులు రాల్చిన మొక్కకు దాదాపు ఆపేయాలి. కుండీ కింద నీరు నిలిచే పళ్లెం ఉంచకూడదు. ఈ కాలంలో ఎరువులు వేయరాదు. ఎండ మాత్రం కనీసం ఆరు గంటలు తగలాలి.

మొదలు నొక్కి చూడాలి

మొదలు గట్టిగా ఉంటే ఆకు ఒక్కటి లేకపోయినా మొక్క క్షేమమే. చర్మం అంతటా కాస్త ముడతలు పడితే అది దాహం. ఏదో ఒకచోట మెత్తబడి, దుర్వాసన వస్తే కుళ్లు మొదలైనట్లే. అటువంటి మొక్కను వెంటనే పెకలించి, కుళ్లిన భాగాన్ని తెల్లని గట్టి కణజాలం కనిపించే వరకు శుభ్రమైన కత్తితో తొలగించాలి. కోసిన చోట కాపర్‌ ఆక్సీక్లోరైడ్‌ ముద్ద పూసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, పొడి ఇసుక మిశ్రమంలో నాటాలి. నాటిన తరువాత కూడా కొన్ని రోజులు నీరు ఇవ్వకూడదు.

మట్టి ఎంపికే కీలకం

నీటిని పట్టి ఉంచే నల్లరేగడి మట్టి ఈ మొక్కకు పనికిరాదు. రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన వర్మికంపోస్టు కలిపితే నీరు త్వరగా దిగిపోతుంది. అడుగున రంధ్రాలున్న మట్టి కుండీ శ్రేష్ఠం. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలో మట్టి జిగురుగా ఉంటే చలికి ముందే మార్చుకోవడం మేలు.

చలి తగ్గాక కత్తిరింపు

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో కొత్త చిగుళ్లు కనిపించగానే కొమ్మలను కత్తిరించాలి. పూలు కొత్త కొమ్మల చివరలనే వస్తాయి కనుక కత్తిరింపు వల్ల మొక్క గుబురుగా పెరిగి పూలు అధికమవుతాయి. అంటు మొక్కయితే అంటు పైభాగాన్నే కోయాలి. అంటుకు దిగువన వచ్చే పిలకలను తీసివేయకుంటే అవే పెరిగి, కోరి కొన్న రంగు కనుమరుగవుతుంది. కుండీ మార్చేందుకూ ఇదే అదను. మార్చిన ప్రతిసారీ మొదలును ఒక అంగుళం పైకి తేల్చి నాటితే దుంప అందం బయటపడుతుంది. చిగుళ్లు విచ్చుకునే కొద్దీ నీటిని క్రమంగా పెంచాలి.

పాలతో జాగ్రత్త

కొమ్మ తుంచితే కారే పాలు విషపూరితం. ఆఫ్రికాలో వేటగాళ్లు బాణాలకు పూసేందుకు వాడిన విషమిది. కత్తిరించేటప్పుడు చేతి తొడుగులు ధరించి, కళ్లకు తగలకుండా చూసుకోవాలి. పసిపిల్లలు, పశువులకు అందని చోటనే కుండీలను ఉంచాలి.