మట్టి బాటపై చిన్న కార్ల పందెం: నియమాలు, ప్రయాణ సన్నాహాలు

మట్టి నేలపై పందెం అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఎడ్ల పందెం. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలలో గిత్తలను పళ్ళను బట్టి విభజిస్తారు. రెండు పళ్ళ జతను ఆరు పళ్ళ జతతో పోటీకి నిలపరు. సమానుల మధ్య జరిగినప్పుడే అది పందెమవుతుందనే న్యాయం ఈ విభజనలో ఉన్నది. యంత్రాలతో జరిగే మట్టి పందేలకు కూడా ఇదే న్యాయం ఆధారం. చక్రాలపై కప్పు లేకుండా, ఒక్కరు మాత్రమే కూర్చొనగలిగే చిన్న వాహనాలతో మట్టి బాటపై జరిగే ఈ క్రీడ మన దేశంలో ఇంజనీరింగు విద్యలో ఒక భాగంగా రూపుదిద్దుకొన్నది. దాని నియమాలు ఎటువంటివి? మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల నుండి ఒక విద్యార్థి జట్టు ఆ పోటీకి వెళ్ళదలిస్తే ప్రయాణాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలి? ఈ రెండు విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్రీడ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో 1933 జూన్ 4న శాక్రమెంటో నగరంలో చిన్న కార్ల పందెం మొదటిసారిగా ఒక పద్ధతి ప్రకారం జరిగినది. వాటి పరిమాణాన్ని బట్టి ‘మిడ్జెట్’ కార్లని, అంటే మరుగుజ్జు కార్లని పేరు వచ్చినది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పొట్టి మట్టి బాట చుట్టూ, ఎప్పుడూ ఎడమ వైపుకే తిరుగుతూ, వదులు మట్టిపై వెనుక చక్రాలు జారుతూ ఉండగా కారును అదుపులో ఉంచడమే అక్కడి నేర్పు. తరువాతి కాలంలో 5 నుండి 16 ఏళ్ళ బాలబాలికల కోసం ఇంకా చిన్నవైన ‘క్వార్టర్ మిడ్జెట్’ కార్లు కూడా వచ్చాయి.

1976లో ఆ దేశంలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మరొక ఆలోచన ఆచరణలోకి వచ్చినది. విద్యార్థులు కారు కొని నడపడం కాక, తామే రూపకల్పన చేసి, తామే తయారు చేసి, రాళ్ళురప్పల మట్టి దారిపై తామే నడిపి చూపాలన్నది ఆ ఆలోచన. దానికి ‘బాహా’ పోటీ అని పేరు. మన దేశంలో ఎస్.ఏ.ఈ. ఇండియా సంస్థ 2007లో దీనిని ఆరంభించినది. మధ్యప్రదేశ్‌లో ఇండోరుకు సమీపాన ఉన్న పీథంపూర్ పారిశ్రామిక ప్రాంతం దీనికి ప్రధాన వేదిక అయినది. మిడ్జెట్ పందెం వలె ఇది గుండ్రని బాటపై జరగదు. గుట్టలు, గుంటలు, మలుపులు గల దారిపై జరుగుతుంది. అయినా ఒక్కరి ఆసనం, కప్పు లేని చక్రాలు, చిన్న యంత్రం, మట్టి నేల అనే నాలుగు లక్షణాలూ ఇందులో ఉన్నాయి. మన విద్యార్థులకు అందుబాటులో ఉన్న రూపం ఇదే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ పందెం చాలా మందికి జ్ఞాపకం ఉండి ఉంటుంది. అది తారు రోడ్డుపై విద్యుత్ కార్లతో జరిగినది. ఆ పోటీ కోసం దారి మూసి, ఇరువైపులా గోడలు కట్టారు. వేగానికి ముందు రక్షణ ఏర్పాటు జరగాలన్న సూత్రం అక్కడ కూడా కనిపిస్తుంది.

నియమాలు, వాటి వెనుక కారణాలు

నియమావళి పుస్తకం చూడగానే విద్యార్థికి అది అడ్డంకుల పట్టికగా తోచవచ్చు. ఒక్కొక్క నియమానికి కారణం వెతికితే అవి రెండే ఉద్దేశాలకు చెందినవని తెలుస్తుంది. మొదటిది సమానత్వం, రెండవది ప్రాణరక్షణ.

సమానత్వానికి ఉదాహరణ ఇంజను. పెట్రోలు విభాగంలో చాలా ఏళ్ళుగా అన్ని జట్లకూ ఒకే రకమైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజనును నిర్దేశించారు. దాని శక్తి 10 అశ్వశక్తి, సిలిండరు ఒక్కటే, చల్లబరచేది గాలి. దాని లోపలి భాగాలను మార్చరాదు. ఇంజను వేగానికి ఒక హద్దు కట్టి ముద్ర వేస్తారు. కాబట్టి ధనం ఉన్న కళాశాల పెద్ద ఇంజను కొని గెలవలేదు. బరువు తగ్గించుకొనుట, గేర్ల అమరిక, సస్పెన్షన్ రూపకల్పన, నడిపేవాని ఓర్పు మాత్రమే జట్ల మధ్య తేడాను నిర్ణయిస్తాయి. పరిమిత సాధనాలు గల కళాశాలకు ఇంతకంటే అనుకూలమైన నియమం వేరొకటి లేదు.

ప్రాణరక్షణకు ఉదాహరణ ఉక్కు గొట్టాల పంజరం. బండి పల్టీ కొట్టినా లోపలి మనిషి నలగకుండా ఈ పంజరం కాపాడుతుంది. దాని ముఖ్యమైన గొట్టాల ఉక్కులో కార్బన్ కనీసం 0.18 శాతం ఉండాలి. నడిపేవాని హెల్మెట్‌కు, పైగొట్టాలకు మధ్య కనీసం 152 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. శరీరంలోని ఇతర భాగాలకు 76 మిల్లీమీటర్లు చాలు. జట్టులో అందరికంటే పొడవైనవాడు కూర్చున్నప్పుడు కూడా ఈ కొలతలు నిలబడాలి. పొట్టివానిని కూర్చోబెట్టి కొలత చూపిస్తే పరీక్షకులు అంగీకరించరు. కనీసం ఐదు పట్టీల బెల్టు, ముఖాన్నంతా కప్పే హెల్మెట్, కళ్ళద్దాలు, మెడపట్టీ, చేతి తొడుగులు తప్పనిసరి. ఇంజనును ఆపే మీటలు రెండు ఉండాలి. ఒకటి నడిపేవాని చేతికి, మరొకటి బయట నిలబడినవారి చేతికి అందాలి. బెల్టు పెట్టుకొని కూర్చున్న మనిషి ఏ వైపు నుండైనా 5 సెకన్లలో బయటపడి చూపాలి. మంట లేచినప్పుడు మనిషికి దొరికే వ్యవధి ఎంత స్వల్పమో ఊహించుకొంటే ఈ నియమం కఠినమని ఎవరూ అనరు.

అతుకుల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పంజరం బలం గొట్టంలో ఎంత ఉన్నదో వెల్డింగు అతుకులో అంత ఉన్నది. అందుకే నమూనా అతుకులను కోసి, విరిచి చూపమంటారు. విజయవాడ రహదారిపై ఉన్న మన ఆటోనగర్‌లో లారీల ఛాసిస్‌లను జీవితమంతా అతికిన ఉస్తాదులు ఉన్నారు. పాఠ్యపుస్తకంలో దొరకని చేతి నైపుణ్యం వారి వద్ద దొరుకుతుంది. ఆ పనిని వారితో చేయించుకొని బిల్లు తెచ్చుకోవడం కంటే వారి పక్కన నిలబడి నేర్చుకోవడం విద్యార్థికి ఎక్కువ లాభం.

పోటీలో ముందుగా రూపకల్పన, ఖర్చు, అమ్మకపు యోచనల గురించి పరీక్షకులకు జవాబు చెప్పాలి. తరువాత సాంకేతిక తనిఖీ, నాలుగు చక్రాలూ బిగుసుకుపోయేటట్లు బ్రేకు పరీక్ష జరుగుతాయి. ఇవి గడిచిన బండి మాత్రమే మైదానంలోకి వెళ్ళగలదు. చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది నాలుగు గంటల సహన పందెం. ఒక్క బోల్టు వదులైనా ఏడాది శ్రమ మధ్యలోనే ఆగిపోతుంది. నియమావళి ఏటా కొంత మారుతుంది. కనుక గత సంవత్సరపు ప్రతిని చూసి గొట్టం కోయరాదు.

ఇంటి దగ్గర సాధన

బండి సిద్ధమైన మరుక్షణం దానిని నడిపి చూడాలన్న ఆరాటం కలుగుతుంది. హయత్‌నగర్, నాగోలు వైపు ఖాళీ లేఅవుట్లు కనిపిస్తాయి. ఇక్కడ చట్టం తెలిసి ఉండాలి. ఈ బండికి రిజిస్ట్రేషన్ లేదు కనుక ప్రజా రహదారిపై ఒక్క గజం కూడా నడపరాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 189వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం గాని, వేగ పరీక్ష గాని జరపడం నేరం. 2019 సవరణ దీనికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. పాల్గొన్నవారే కాక, జరగనిచ్చినవారు కూడా ఈ సెక్షను కిందికి వస్తారు. కమిటీ పెద్దలు ఈ మాటను గమనించవలెను. ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న దారి ఏదైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. సాధనకు ప్రహరీ గల మైదానం, యజమాని వ్రాతపూర్వక అనుమతి, మంటలార్పే సాధనం, ఒక అధ్యాపకుని హాజరు అవసరం.

ప్రయాణ సన్నాహం

పందెపు బాటపై ఇన్ని నియమాలు ఉన్నవి. కాని అక్కడికి చేరే దారి మాట ఏమిటి? ఎల్.బి. నగర్ నుండి పీథంపూర్‌కు ఎంచుకొన్న మార్గాన్ని బట్టి 800 కిలోమీటర్లు లేదా అంతకు మించి దూరం ఉంటుంది. తెలంగాణ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ రాష్ట్రాలను దాటాలి. బాటపై హెల్మెట్, బెల్టు, పంజరం, అంబులెన్సు ఉంటాయి. రహదారిపై నిద్రలేని డ్రైవరు, రాత్రి పొగమంచు, ఎదురుగా లారీలు ఉంటాయి. నాలుగు గంటల పందెం కంటే రానుపోను ప్రయాణమే విద్యార్థి ప్రాణానికి ఎక్కువ అపాయకరం. ఆ ప్రయాణానికి నియమావళి వ్రాసి ఇచ్చేవారు ఎవరూ లేరు. దానిని కళాశాలే వ్రాసుకోవాలి.

మొదటి నియమం: బండి వేరుగా, మనుషులు వేరుగా వెళ్ళాలి. సరకు బండిలో విద్యార్థులు ఎక్కరాదు. అది నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది. పోటీ బండి వెడల్పు గరిష్ఠంగా 162 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల నాలుగంగుళాలు ఉండవచ్చు. మన వీధులలో తిరిగే చిన్న టాటా ఏస్ తొట్టి ఐదడుగుల లోపే. కనుక కొలత చూడకుండా కిరాయి మాట్లాడరాదు. పనిముట్లు, విడి భాగాలతో కలిపి డీసీఎం వాహనమైతే సౌకర్యం. పెట్రోలు పూర్తిగా తీసివేసి, బ్యాటరీ తీగ విప్పి, నాలుగు మూలలా పట్టీలతో బిగించాలి. బిల్లులు, కళాశాల లేఖ, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు గురించిన విచారణ ముందే పూర్తి చేయాలి.

రెండవ నియమం: డ్రైవరు గంటలను లెక్కించాలి. గంటకు సగటున 45 కిలోమీటర్ల చొప్పున 800 కిలోమీటర్లకు దాదాపు 18 గంటలు పడుతుంది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు సాధారణ పని పరిమితిని 8 గంటలుగా నిర్ణయించినది. అంటే ఒక్క డ్రైవరైతే మూడవ రోజుకు గాని చేరడు. ఇద్దరైతే రెండవ రోజుకు చేరతారు. ‘ఒక్క రాత్రిలో చేర్చేస్తాను’ అన్నవానికి తక్కువ కిరాయికి ఒప్పుకోవడం పొదుపు కాదు.

మూడవ నియమం: విద్యార్థులు రైలులో వెళ్ళాలి. ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల నుండి నాంపల్లికి మెట్రో నేరుగా ఉన్నది. అక్కడి నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ భోపాల్ మీదుగా పోతుంది. భోపాల్ నుండి ఇండోరు చేరవచ్చు. తిరుగు టికెట్లను పందెం మరునాటికే తీసుకోవాలి గాని ఆ రాత్రికి కాదు. ముందు రెండు రాత్రులు బండి కిందనే గడిపిన పిల్లలకు ఆ రాత్రి నిద్ర కావాలి. ఇంజను నూనె, పెట్రోలు డబ్బాలు రైలులో పెట్టుకోరాదు. ప్రమాదకర సరకును అక్రమంగా రైలు ఎక్కించినవారికి రైల్వేల చట్టం, 1989 ప్రకారం మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు.

నాలుగవ నియమం: కార్యక్రమంలో లేని చోటుకు వెళ్ళరాదు. ఇండోరు వరకు వెళ్ళినవారికి నర్మదా తీరంలోని ఓంకారేశ్వర్, మహేశ్వర్ చూడాలనిపించడం సహజం. ఆ నదిపై ఇందిరాసాగర్, ఓంకారేశ్వర్ ఆనకట్టలు ఉన్నవి. ఎగువన నీరు వదిలితే దిగువన రాళ్ళపై నిలబడినవారికి తెలిసే లోపలే ప్రవాహం ముంచుకు వస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో లార్జీ ఆనకట్ట నుండి నీరు వదలగా, విద్యాయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది కొట్టుకొనిపోయారు. ఆ శోకాన్ని ఈ నగరం మరువలేదు, మరువరాదు. చూడదగిన స్థలమేదైనా ఉంటే దానిని ముందే కార్యక్రమంలో వ్రాసి, అధ్యాపకునితో కలిసి, నీటికి దూరంగా నిలబడి చూడాలి.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం

ధన సహాయం అడిగే జట్టు సాధారణంగా టైర్లు, గొట్టాలు, ప్రవేశ రుసుము లెక్క మాత్రమే చూపుతుంది. ప్రయాణ వ్యయాన్ని చివరకు వదిలివేస్తారు. చేతిలో మిగిలినది కొద్ది రూపాయలైనప్పుడు రెండవ డ్రైవరు పోతాడు, బస పోతుంది, చివరకు నిద్ర పోతుంది. కాబట్టి మంజూరు చేసే మొత్తంలో రానుపోను రైలు చార్జీలు, ఇద్దరు డ్రైవర్ల కిరాయి, బస, ప్రమాద బీమాలను మొదటి పద్దుగా వేరు చేసి ఉంచండి. ఆ సొమ్మును బండి విడి భాగాలకు మళ్ళించనివ్వకండి. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు, ప్రతి విద్యార్థి రక్తవర్గం, ఫోను నంబర్లు గల పట్టిక ఒక ప్రతి కళాశాలలో, ఒక ప్రతి వెంట వెళ్ళే అధ్యాపకుని వద్ద ఉండాలి. ఇంత చేయడానికి సొమ్ము చాలని సంవత్సరం పోటీని మరుసటి ఏటికి వాయిదా వేయడమే మేలు.

విద్యార్థి మిత్రులారా, నాలుగు గంటల పందెంలో మన బండి రెండవ గంటలోనే ఆగిపోవచ్చు. అందులో అవమానం ఏమీ లేదు. విరిగిన భాగాన్ని ఇంటికి తెచ్చి, అది ఎందుకు విరిగిందో తెలుసుకొంటే మరుసటి సంవత్సరపు బండి అక్కడి నుండే మొదలవుతుంది. కాని బయలుదేరిన జట్టులో ఒక్కరు తిరిగి రాకపోయినా ఆ నష్టాన్ని ఏ బహుమతీ పూరించలేదు. పంజరపు గొట్టాన్ని ఎంత శ్రద్ధగా కొలుస్తారో, ప్రయాణపు గంటలను కూడా అంతే శ్రద్ధగా కొలవండి.