కొండ మీద దూరాలే వేరు

అరకు అనగానే మనకేం గుర్తొస్తుంది? సొరంగాల్లో దూరి బయటపడే రైలు, బొర్రా గుహలు, పసుపు ఆరబోసినట్టుండే వలిసె పూల చేలు, పొగలు కక్కే కాఫీ... రెండ్రోజులు సరదాగా తిరిగి, ఫోటోలు తీసుకుని కిందికి దిగిపోతాం. మరి ఆ కొండల్లోనే కాపురాలు చేసుకునే ఆడవాళ్ల మాటేమిటి? కొండ ఎత్తు, దాని వాలు, గెడ్డ పారే దారి... వాళ్ల వంట, సంపాదన, చివరికి పురుడు కూడా వీటి మీదే ఆధారపడి ఉంటాయి. బడిలో బట్టీ పట్టి మరిచిపోయిన 'తూర్పు కనుమలు' అక్కడ రోజువారీ జీవితమే!

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అంతకు ముందు విశాఖ జిల్లాలో ఉన్న పదకొండు ఏజెన్సీ మండలాలు ఇందులో చేరాయి. అరకులోయ, అనంతగిరి, చింతపల్లి, జి.మాడుగుల, ముంచింగిపుట్టు... ఇవన్నీ అక్కడివే. విశాఖలో సముద్రం ఒడ్డున బయల్దేరితే, వంద కిలోమీటర్లు దాటేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తుకు చేరుకుంటాం. చుట్టుపక్కల 1,600 మీటర్లు దాటిన శిఖరాలు కూడా ఉన్నాయి.

ఒకే వాన... రెండు దారులు

ఈ కొండల మీద కురిసిన వాన రెండుగా చీలిపోతుంది. తూర్పు వాలున పడ్డ నీళ్లు గోస్తని, శారద నదులై తిన్నగా సముద్రానికి పరుగెడతాయి. బొర్రా గుహల గుండా పారేది ఆ గోస్తనే. అవతలి వాలున పడ్డ నీళ్లది మాత్రం చుట్టుదారి. పాడేరు వైపు మత్స్యగెడ్డగా మొదలై, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్‌ అనిపించుకుని, డుడుమ దగ్గర జలపాతమై దూకుతాయి. ఆ తర్వాత సీలేరుగా మారి, శబరిలో కలిసి, కూనవరం వద్ద గోదారమ్మ ఒడికి చేరతాయి. మాచ్‌ఖండ్‌ జల విద్యుత్‌ కేంద్రం 1955లో మొదలైంది. విశాఖ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో తాటిపూడి గోస్తని మీద, రైవాడ శారద మీద ఉన్నాయి. అంటే విశాఖలో ఓ ఇల్లాలు కుళాయి తిప్పితే పడే నీళ్లలో కొండ మీది వాన చుక్కలూ ఉంటాయన్నమాట!

చలి పెంచిన పంట

వెయ్యి మీటర్లు పైకెక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగిలో అంతకు మించి వణుకు పుట్టడానికి ఇంకో కారణం ఉంది. రాత్రిళ్లు చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి పల్లంలో పేరుకుంటుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ చలి సున్నా డిగ్రీల దరిదాపులకు వెళుతుంది.

ఈ చల్లదనమే కాఫీకి ప్రాణం. సిల్వర్‌ఓక్‌ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు... ఒక్క జాగాలో రెండు పంటలు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే కాఫీ పళ్లన్నీ ఒక్కసారే పండవు. ఎర్రగా పండినవాటినే చూసి చూసి కోయాలి. వాలు మీద కాలు నిలదొక్కుకుని బుట్టలు నింపేవారిలో ఎక్కువగా ఆడవాళ్లే కనిపిస్తారు.

నీళ్లు పుట్టేచోటే కటకట

ఇన్ని నదులు పుట్టేచోట నీళ్లకు కొదవేమిటనుకుంటాం. కానీ వాన నీరు వాలు మీద నిలవదు కదా! పై ఊళ్లకు ఊటగెడ్డలే దిక్కు. ఎండాకాలంలో ఊట సన్నగిల్లితే, బిందెతో దిగేది ఆడవాళ్లే. నిండు బిందెతో ఎక్కేదీ వాళ్లే.

అందుకే కొండనెత్తిన ఉన్న బాక్సైట్‌ను తవ్వుతామన్నప్పుడల్లా ఊళ్లు వద్దన్నాయి. ఊటలు ఎండిపోతాయన్నదే వాళ్ల భయం. అనంతగిరి మండలంలో మొదలైన గనుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 'సమత' కేసులో 1997లో వచ్చిన ఆ తీర్పు, షెడ్యూల్డ్‌ ప్రాంతాల్లో ప్రైవేటు వారికి గనుల లీజులు ఇవ్వకూడదని చెప్పింది.

డోలీ ఎందుకు?

గర్భిణిని డోలీలో మోసుకెళ్లారన్న వార్త చదివినప్పుడల్లా 'ఈ రోజుల్లో కూడానా?' అనుకుంటాం. దీని వెనక నిర్లక్ష్యం ఉంటే ఉండొచ్చు. కొండ తీరు కూడా ఉంది. చదునైన నేల ఎక్కడ కాస్త దొరికితే అక్కడే, ఊట పక్కన, పాతికా ముప్పై గడపల ఊరు వెలుస్తుంది. పటంలో రెండు వేళ్ల దూరంలో ఉన్న ఊళ్ల మధ్య ఓ లోయ ఉంటుంది. తిన్నగా వెళ్లలేని రోడ్డు చుట్టూ తిరగాలి. దారిలోని ప్రతి గెడ్డకూ వంతెన కావాలి. గట్టి వానొస్తే కొండచరియ విరిగి ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. అక్కడ దూరమంటే కిలోమీటర్లు కాదు... నడిచిన గంటలు!

నొప్పులు మొదలయ్యాక దారి వెతుక్కోవడం కన్నా, నెలలు నిండగానే ఆస్పత్రికి దగ్గరగా ఉండటం మేలు. ఈ ఉద్దేశంతోనే ఈ కొండల వరుసలో ఇంకా ఉత్తరాన ఉన్న సాలూరులో 2018లో గర్భిణులకు వసతి గృహం తెరిచారు. మరి వచ్చినామె ఇంటి దగ్గర చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు? మేకల్ని ఎవరు తోలతారు? తోడొచ్చిన అత్తకో అమ్మకో తిండీ చోటూ ఉన్నాయా? ఇవి కూడా ఆలోచిస్తేనే అలాంటి గదులు నిండుతాయి. రోడ్డు ఎంత అవసరమో, ఇంటి బాధ్యత పంచుకునే మనిషీ అంతే అవసరం.

ఈసారి అరకు వెళ్లినప్పుడు మలుపు దగ్గర ఆగి లోయను చూస్తాం కదా... అవతలి కొండ వాలున సన్నటి గీతలా ఓ కాలిబాట కనిపించొచ్చు. మనకది అందమైన దృశ్యం. అక్కడి ఆడపడుచులకు మాత్రం అదే నీళ్లకు, సంతకు, ఆస్పత్రికి దారి!