గీత పడితే దొరికినట్టా?

మత్తుమందుల కోసం పబ్బు మీద పోలీసుల దాడి జరిగిన మర్నాడు ‘ఇంతమందికి పాజిటివ్’ అని పేపర్లో వస్తుంది. తీర్పు అయిపోయిందనుకుంటాం. అప్పటికి జరిగింది మాత్రం చిన్న కిట్‌లో నాలుగు చుక్కల మూత్రం వేసి చూడటమే.

అపోహ: కిట్‌లో గీత పడితే మత్తుమందు ఉన్నట్టే.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. గర్భపరీక్షకు అలవాటుపడ్డ కళ్లు ఇక్కడ పొరబడతాయి. గీత ఉండే చోట ఆ మత్తుమందునే ముందుగా అతికించి ఉంచుతారు. కిట్‌లోని రంగు యాంటీబాడీలు (ఆ మందును పట్టుకునే ప్రోటీన్లు) వచ్చి దానికి అంటుకుంటేనే గీత పడుతుంది. మూత్రంలోనూ ఆ మందు ఉంటే ఆ యాంటీబాడీలను దారిలోనే పట్టేసుకుంటుంది. గీత దగ్గరికి చేరేవి మిగలవు. అంటే గీత రాకపోతేనే అనుమానం. లీలగా కనిపించినా నెగెటివే. పక్కనుండే కంట్రోల్ గీత కూడా రాకపోతే ఆ కిట్ చెల్లదు.

అపోహ: పరీక్షలో తేలాక ఇక తిరుగులేదు.

వాస్తవం: యాంటీబాడీ అణువు ఆకారాన్ని తడిమి చూస్తుంది. పోలిక ఉంటే చాలు, పట్టేసుకుంటుంది. ముక్కుదిబ్బడకు వేసుకున్న సూడోఎఫెడ్రిన్, గర్భిణులకు బీపీ తగ్గడానికి రాసే లాబెటలాల్ కూడా యాంఫెటమైన్ అనే మత్తుమందులా కనిపించవచ్చు. అందుకే అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో ధ్రువీకరించుకోవాలి.

అపోహ: ‘గసగసాలు తిన్నాను’ అనేది దొంగ సాకు.

వాస్తవం: మన మసాలాలో పడే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. కాయ పాలు అంటిన గింజల మీద మార్ఫిన్, కోడీన్ జాడలుంటాయి. ఇక్కడ మాస్ స్పెక్ట్రోమెట్రీ కూడా మార్ఫిన్ ఉందనే చెబుతుంది, ఎందుకంటే నిజంగానే ఉంది! ఈ చిక్కు వల్లే అమెరికా ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల్లో పాజిటివ్ అనడానికి పెట్టిన హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు 1998లో పెంచారు. అయినా 2023లో అక్కడి రక్షణశాఖ సైనికులను గసగసాలు తినొద్దని హెచ్చరించింది. యూఏఈలోనైతే అవి నిషిద్ధం. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి మసాలా పొడి కట్టి పంపే అమ్మలు ఇది గుర్తుంచుకోవాలి.

అపోహ: నెగెటివ్ వస్తే ఏమీ తీసుకోనట్టే.

వాస్తవం: నల్లమందు కిట్‌లోని యాంటీబాడీలు మార్ఫిన్‌ను పట్టడానికి తయారైనవి. అదే కోవకు చెందిన ఫెంటానిల్, ట్రమడాల్ వాటి కంట పడవు. గంజాయి సంగతి వేరు. రోజూ తాగేవాడు మానేసినా వారాల తరబడి పాజిటివ్ రావచ్చు. పరీక్ష వేళ మత్తులో ఉన్నాడని దాని అర్థం కాదు.

మీకే పరీక్ష జరిగితే, వాడుతున్న మందుల చీటీ ముందే చూపించండి. పాజిటివ్ అన్నారా, అదే నమూనాకు ధ్రువీకరణ పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి.