చూపుల ఆదేశం మొదట ఎవరికి?

పర్దా అనే మాట వినగానే మన మనస్సులో స్త్రీ రూపమే మెదలుతుంది. లజ్జను గురించిన ప్రసంగాలు చాలావరకు ఆమె దుస్తుల చుట్టూనే తిరుగుతుంటాయి. తల మీద కొంగు ఎంతవరకు ఉన్నది, బురఖా బిగుతుగా ఉన్నదా వదులుగా ఉన్నదా, గొంతు ఎంత దూరం వినిపించింది అని లెక్కలు కట్టేవారికి కొదువ లేదు. కాని పురుషుని కంటిని గురించి, అతని దుస్తులను గురించి, నలుగురిలో కూర్చుని స్త్రీలపై అతడు విసిరే మాటలను గురించి హెచ్చరించేవారు చాలా తక్కువ. ఇది నిజంగా షరీఅత్ నిర్ణయించిన కొలతేనా? లేక సమాజం తన అలవాటునే షరీఅత్ పేరుతో చెలామణి చేస్తున్నదా? ఈ ప్రశ్నకు సమాధానం మూలగ్రంథాలలోనే వెదకాలి.

ఆయతుల వరుస

దివ్య ఖుర్ఆన్‌లోని 24వ సూరా, నూర్ సూరా, మదీనాలో అవతరించింది. ఇందులో 30వ ఆయతు విశ్వాసులైన పురుషులకు రెండు ఆజ్ఞలు ఇస్తున్నది. మొదటిది చూపులను క్రిందికి ఉంచుకోవడం, రెండవది శీలాన్ని కాపాడుకోవడం. ఇదే వారికి పరిశుద్ధమైన పద్ధతి అనీ, వారు చేసేదంతా అల్లాహ్ ఎరుగుననీ కూడా హెచ్చరిస్తున్నది. ఆ తరువాతి 31వ ఆయతు విశ్వాసులైన స్త్రీలను సంబోధిస్తున్నది. వారికి కూడా ముందుగా అవే రెండు ఆజ్ఞలు, దాదాపు అవే పదాలతో ఇవ్వబడ్డాయి. అలంకరణను గురించి, వక్షస్థలంపై ఓణీ వేసుకోవడాన్ని గురించి, ఎవరి ఎదుట మినహాయింపు ఉన్నదో అన్న విషయాన్ని గురించి చెప్పినది ఆ తరువాతనే.

పాఠకులు రెండు విషయాలు గమనించాలి. మొదటిది వరుస. లజ్జను గురించిన ఈ ఆదేశం మొదట చేరినది పురుషునికి. రెండవది, అతనికి ఇచ్చిన ఆజ్ఞకు ఏ షరతూ లేదు. ఎదుట ఉన్న స్త్రీ ఒళ్ళంతా కప్పుకొని ఉన్నప్పుడే చూపు దించుకోవాలని గాని, ఆమె కప్పుకోకుంటే చూడవచ్చునని గాని ఎక్కడా చెప్పబడలేదు. ఆమె బాధ్యతకు ఆమె జవాబుదారు, అతని బాధ్యతకు అతడు జవాబుదారు. ఒకరి లోపం మరొకరికి అనుమతి పత్రం కాజాలదు.

హజ్రత్ జరీర్ (రజి) అనుకోకుండా పడే చూపును గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ చూపును త్రిప్పుకొమ్మని ఆదేశించారు. వీధి అరుగులపై కూర్చునే సహచరులకు దారి హక్కులను వివరించినప్పుడు కూడా ఆయన మొదట పేర్కొన్నది చూపులు క్రిందికి ఉంచుకోవడాన్నే. బాటసారులకు హాని కలిగించకపోవడం, సలాముకు ప్రతిసలాము చెప్పడం, మంచిని బోధించి చెడును వారించడం దాని తరువాత వచ్చాయి. నేడు మన వీధి మొగల్లో, హోటళ్ల ముందు, బస్ స్టాండ్లలో గంటల తరబడి నిలబడే యువకులకు ఈ హదీసును వినిపించేవారు ఎందరు?

హజ్జతుల్ విదా నాటి సంఘటన

హిజ్రీ 10వ సంవత్సరం, అనగా క్రీ.శ. 632. దైవప్రవక్త (స) తమ చివరి హజ్‌లో ఉన్నారు. అది ఖుర్బానీ దినం. పినతండ్రి కుమారుడైన ఫజల్ బిన్ అబ్బాస్ (రజి) ఆయన వెనుక అదే వాహనంపై కూర్చుని ఉన్నారు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక యువతి వచ్చి, తన తండ్రి ముదుసలి అనీ, వాహనంపై నిలకడగా కూర్చోలేడనీ, ఆయన తరఫున తాను హజ్ చేయవచ్చునా అనీ అడిగింది. చేయవచ్చునని ఆయన సమాధానమిచ్చారు. ఆ సమయంలో ఫజల్ (రజి) ఆమె వైపు చూడసాగారు. ఆమె కూడా ఆయన వైపు చూసింది. దైవప్రవక్త (స) తమ చేతితో ఫజల్ ముఖాన్ని ప్రక్కకు త్రిప్పివేశారు. ఆ యువతి అందమైనదని, ఫజల్ కూడా అందగాడేనని బుఖారీ ఉల్లేఖనంలో ఉన్నది. తన కుమారుని మెడ ఎందుకు త్రిప్పారని అబ్బాస్ (రజి) అడిగినప్పుడు, ఒక యువకుని, ఒక యువతిని చూచాననీ, వారి విషయంలో షైతాన్ గురించి నిశ్చింతగా ఉండలేకపోయాననీ ఆయన చెప్పినట్లు తిర్మిజీ ఉల్లేఖనం తెలుపుతున్నది.

ఈ సంఘటన ఆధారంగా ముఖాన్ని కప్పుకొనే విషయమై ఫుఖహాలు దీర్ఘంగా చర్చించారు. ఆ చర్చ మన ప్రస్తుత విషయం కాదు. మనం చూడవలసినది దిద్దుబాటు ఎక్కడ జరిగినదన్న విషయం. ఆమె ప్రశ్నకు పూర్తి సమాధానం లభించింది. ఇంతమందిలోకి ఎందుకు వచ్చావని ఆమెను అడగలేదు, అక్కడ నుండి పంపివేయలేదు. అపాయం ఇద్దరికీ ఉన్నదని చెబుతూనే ఆయన చేయి వేసినది తమ సొంత కుటుంబపు యువకుని మీద. మనమైతే ముందుగా పరాయి ఇంటి ఆడపిల్లను తప్పు పడతాము, మన ఇంటి కుర్రవాని జోలికి పోము.

పురుషుని దేహానికీ హద్దులున్నాయి

దుస్తుల నియమాలు స్త్రీకి మాత్రమే అనుకోవడం మరొక పొరపాటు. బొడ్డు నుండి మోకాలి వరకు పురుషుడు కప్పుకొనవలసిన భాగమని అధిక సంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. పట్టు, బంగారం స్త్రీకి అనుమతించబడగా పురుషునికి నిషేధించబడ్డాయి. గర్వంతో వస్త్రాన్ని నేలపై ఈడ్చుకుంటూ నడవడాన్ని గురించి కఠినమైన హెచ్చరిక ఉన్నది. పెళ్లి వేడుకల్లో వధువు తల మీది ముసుగు రవ్వంత జారితే గుసగుసలు బయలుదేరుతాయి. అదే వేదికపై వరుని వేలికి మామగారు తొడిగిన బంగారు ఉంగరం మెరుస్తుంటే అందరూ చప్పట్లు కొడతారు! రెండూ షరీఅత్ విషయాలే అయినప్పుడు ఒకదానిపై మాత్రమే మనకు కోపం రావడం ఎందుకు?

అలంకరణ విషయంలోనూ ఇంతే. భార్య తన కోసం ముస్తాబు కావాలని ఎలా ఇష్టపడతానో, ఆమె కోసం తాను ముస్తాబు కావడాన్ని కూడా అలాగే ఇష్టపడతానని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు తఫ్సీర్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. భార్యలకు బాధ్యతలున్నట్లే ధర్మసమ్మతమైన హక్కులూ ఉన్నాయని చెప్పే బఖరా సూరా 228వ ఆయతును ఆయన దీనికి ఆధారంగా చూపారు. మాసిన లుంగీతో, పాన్ మరకల పళ్లతో ఇంట్లో తిరుగుతూ భార్య లావైనదని సణిగే భర్తలు ఈ మాటను ఆలోచించాలి.

రూపాన్ని తూచడం

హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని నిషేధిస్తూ పురుషులను వేరుగా, స్త్రీలను వేరుగా పేర్కొన్నది. దైవప్రవక్త (స) ఆచరణలో కూడా ఈ సమానత్వం కనిపిస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియా (రజి) పొట్టితనాన్ని సూచిస్తూ మాట్లాడినప్పుడు, ఆ మాటను సముద్రంలో కలిపితే దాని నీటినే మార్చివేయగలదని ఆయన మందలించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) సన్నని కాళ్లను చూసి సహచరులు నవ్వినప్పుడు, త్రాసులో అవి ఉహుద్ పర్వతం కంటే బరువైనవని చెప్పారు. స్త్రీ శరీరమైనా, పురుషుని శరీరమైనా హేళనకు తగదు.

ఇక మన పెళ్లి చూపుల సంగతి చూడండి. వివాహం చేసుకొనదలచినవాడు ఆ స్త్రీని చూడడాన్ని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. ముగీరా బిన్ షుఅబా (రజి)కి ఇచ్చిన సలహా ఇదే. ఇద్దరి మధ్య ప్రేమ నిలవడానికి అది తోడ్పడుతుందని కారణం కూడా చెప్పారు. స్త్రీకి కూడా వరుని చూసే హక్కు ఉన్నదని ఫుఖహాలు వివరించారు. కాగా మనవద్ద జరిగేదేమిటి? అబ్బాయి తల్లి, అక్కలు, పిన్నులు వచ్చి అమ్మాయి రంగును, జడను, నడకను పరీక్షిస్తారు. రంగు తక్కువైతే జోడే కీ రఖమ్ పెరుగుతుంది! అబ్బాయి బట్టతలను, పొట్టను ప్రస్తావించే ధైర్యం అమ్మాయి తరఫువారికి ఉండదు. మహర్ ఇవ్వవలసినవాడే ధర అడుగుతున్నాడు. ఇది వివాహ సంబంధమా, సంతబేరమా?

అంగడి చూపు

నేటి మార్కెట్టు ఈ రోగాన్ని పెంచి పోషిస్తున్నది. తెల్లదనాన్ని వాగ్దానం చేస్తూ ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. 2005లో పురుషుల కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ వచ్చింది. 2020లో మొదటి దాని పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పురుషుని చర్మాన్ని కూడా సరుకుగా మార్చినంత మాత్రాన స్త్రీకి న్యాయం జరిగినట్లు కాదు. ఇద్దరినీ అంగడిలో నిలబెట్టడం సమానత్వం అనిపించుకోదు.

2021 జులైలో సుల్లీ డీల్స్ పేరుతో, 2022 జనవరి 1న బుల్లీ బాయి పేరుతో ముస్లిం స్త్రీల ఫోటోలను వారికి తెలియకుండా ఇంటర్నెట్‌లో వేలానికి పెట్టినట్లు చూపారు. వారిలో విలేఖరులు, సామాజిక కార్యకర్తలు ఉన్నారు. 2022 జనవరిలో పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. నిందితులలో కళాశాల విద్యార్థులు కూడా ఉన్నారు. ఇటువంటి సందర్భాలలో మొదట వినిపించే మాట ఒకటున్నది: ఆమె ఫోటో ఎందుకు పెట్టుకోవాలి? దొంగను వదిలి ఇల్లుగల వారిని దండించడమంటే ఇదే. పతివ్రతలపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి 80 కొరడా దెబ్బలు విధించిన నూర్ సూరా స్త్రీ గౌరవాన్ని ఎంత విలువైనదిగా భావించినదో మనం మరచిపోరాదు.

మన కర్తవ్యం

స్త్రీలకు ఇచ్చిన ఆదేశాన్ని తేలిక చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. 31వ ఆయతు ఎంత నిజమో 30వ ఆయతు అంతే నిజం. ఒకదాన్ని కుమార్తెకు వినిపించి, రెండవదాన్ని కుమారునికి వినిపించని తండ్రి సగం బోధనే చేసినవాడవుతాడు. ఆ సగం బోధన వల్ల కుమార్తె మనస్సులో ధర్మం తనకొక్కదానికే బరువన్న భావన నాటుకుంటుంది. కుమారుడేమో ధర్మం తనను చూడడం లేదనుకొంటాడు. రెండూ ప్రమాదకరమే.

కనుక పర్దాను గురించి మాట్లాడే ఖతీబులు 30వ ఆయతుతో ప్రారంభించుదురు గాక! తల్లులు కోడలిని వెదకబోయే ముందు తమ కుమారుని చూపును, మాటను, అలవాట్లను పరీక్షించుదురు గాక! అల్లాహ్ మన రూపాలను, సంపదలను చూడడు. హృదయాలను, ఆచరణలను చూస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన చూడని దానిని తూచుతూ, చూసే దానిని ఉపేక్షిస్తూ ఎంతకాలం గడపగలము?